ఇప్పపూల సైడ్‌బోర్డు

హైదరాబాదులో మా మేనకోడలు కొత్త ఫ్లాటు కొనుక్కుంది. హాల్లో పాతకాలపు సామాను ఒక్కటైనా ఉండాలని దాని కోరిక. పాత చెక్క నాకు తెలుస్తుందని చెప్పి ఒక దుకాణానికి వెంటబెట్టుకుని వెళ్లింది. లోపల ఏసీ, మెత్తటి సంగీతం, అగరొత్తుల వాసన. అక్కడ గోడకు ఆనుకుని, పైన రెండు పసుపు దీపాలు వెలుగుతుండగా, మా బంగళా సైడ్‌బోర్డు నిలబడి ఉంది.

పొరపాటు పడే వీలు లేదు. గోదావరి ఒడ్డున మా శాఖ బంగళాలో ఉన్న సామాను రిజిస్టరు ఇరవై ఆరేళ్లు నా చేతిలో ఉంది. ఏటా మార్చి నెలలో ఈ సైడ్‌బోర్డు ముందు నిలబడి, "ఉన్నది, బాగున్నది" అని రాసిన వాణ్ణి నేనే. ఆరడుగుల పొడవు. మధ్యలో మూడు సొరుగులు, రెండు పక్కలా తలుపులున్న అరలు, వెనక ఎత్తుగా అద్దం, అద్దం నెత్తిన చెక్కిన గుత్తులు. కాళ్ల మీద జానెడు ఎత్తున గోదావరి నీళ్లు గీసిపోయిన గీత. పై బల్ల మీద మూడు నల్లటి అతుకులు.

"చూడండి మేడమ్, అసలైన ఇంగ్లండు సరుకు. ఓడలో వచ్చింది" అంటున్నాడు దుకాణదారు. "పైన ద్రాక్షగుత్తులు చూశారా? ఇక ఈ బల్ల మీద నల్లచెక్క పొదిగారు చూడండి, వేలు పెడితే ఎక్కడా తగలదు. ఇలాంటి పని మనవాళ్లకు రాదు మేడమ్."

మనవాళ్లకు రాదట! నాకు ఒళ్లు మండింది.

"బాబూ, ఆ నల్లచెక్క పొదగడం కాదు, పగులుకు వేసిన అతుకు. వేసింది మా భద్రాచలం దగ్గరి వడ్లాయన. నా కళ్ల ముందు వేశాడు. అవి ద్రాక్షలు కూడా కావు, ఇప్పపూలు" అన్నాను.

అతను నా వైపు చూసి నవ్వి, మా మేనకోడలితో, "అంకుల్ భలే సరదా మనిషి మేడమ్" అన్నాడు.

నేను మధ్య సొరుగు పిడికి చూపుడువేలు తగిలించి లాగాను. ఒక్క వేలికే వచ్చేసింది, చప్పుడు లేకుండా. అంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

బయటికి వచ్చాక మా మేనకోడలు అన్న మాట ఇంకా ఘోరం. "మామయ్యా, అది మన దగ్గర చేసిందే అయితే నాకెందుకు? ఇంటికొచ్చిన వాళ్లకు ఏమని చెప్పుకోను?"

వడ్రంగం చేసే ఆ వడ్లాయన పేరు ఇక్కడ రాయను. సర్కారు కాగితం మీదికి ఆయన పేరు ఒకే ఒక్కసారి ఎక్కింది, అదీ చెడ్డగా. ఎక్కించింది నేను. మళ్లీ అదే చేత్తో ఆ పేరు రాయడం నాకు ఇష్టం లేదు.

పొట్టి మనిషి. కళ్లజోడుకు ఒక పక్క కాడ లేదు, ఆ స్థానంలో దారం చెవికి చుట్టుకునేవాడు. చెక్కను చూసే ముందు వాసన చూసేవాడు. తరువాత వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించేవాడు. జ్వరమొచ్చిన వాణ్ణి చూస్తున్నట్టు ఉండేది. "ఏమంటుంది?" అని నవ్వులాటకు అడిగితే, "లోపల మంచిగనే ఉన్నదట సార్, మీరే పైపైన చూస్తరట" అనేవాడు.

సొరుగు విషయంలో ఆయనకొక పంతం ఉండేది. ఒక్క వేలితో రావాలి. రెండు వేళ్లు పడితే మళ్లీ విప్పి చిత్రిక పట్టేవాడు. "ఒంట్లున్న బలమంత పెట్టి గుంజెటందుకు గిది బాయి కాడి మోటనా సార్?" అనేవాడు.

బల్లయినా, సైడ్‌బోర్డయినా టేపుతో కొలిచేవాడు కాదు. ఆ ఇంటి ఆడమనిషిని పిలిచి, "అమ్మా, ఓసారి రొట్టెలు చేసినట్టు చేతులు పెట్టుండ్రి" అనేవాడు. మోచేయి కింద నాలుగు వేళ్ల దూరంలో ఒక కర్ర నిలబెట్టి, దాని మీద గాటు పెట్టుకునేవాడు. అదే ఎత్తు. మా ఆవిడను కూడా అలాగే నిలబెట్టాడు. ఇప్పటికీ మా వంటింట్లో ఉన్న సైడ్‌బోర్డు మీద ఆమె కూరలు తరిగితే నడుము వంగదు. ఒకసారి ఒక ఆఫీసరుగారి భార్యను కూడా అలాగే చేతులు పెట్టమన్నాడు. ఆవిడకు కోపం వచ్చింది.

"నీకు టేపు లేదా?"

"ఉన్నదమ్మా. టేపుకు నడుం నొప్పి రాదు గద."

సైడ్‌బోర్డుల చరిత్ర ఎక్కడో పుస్తకంలో ఉంటుందేమో, నేను చదవలేదు. నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. వర్షాకాలం పని లేనప్పుడు బంగళా వరండాలో కూర్చుని చెప్పేవాడు. నేను ఆ రాత్రికి డైరీలో ఎక్కించేవాణ్ణి.

"తెల్లదొర కూసోని తింటడు. వంటాయన నిలబడి వడ్డిస్తడు. గిన్నెలు పెట్టెటందుకు నిలబడ్డోని ఎత్తుకు ఒక బల్ల కావాలె. గదే సార్ సైడ్‌బోర్డు. తినెటోనిది కాదు, వడ్డించెటోనిది. వెనక అద్దమెందుకో ఎరుకేనా? దీపం పెడితే ఎలుగు రెండింతలయితది. కరెంటు లేదు గద అప్పుడు."

తరువాత రేడియో కాలం వచ్చిందట. బొగ్గు గనుల ఊళ్లలో, ప్రాజెక్టు క్వార్టర్లలో ఉండే ఇంజినీర్లకు చెక్కడాలు అక్కర్లేకపోయాయి. అద్దం పోయింది, పొట్టివైపోయింది, కాళ్లు సన్నబడి బయటికి వంగాయి. తలుపుల బదులు పక్కకు జరిపే గాజు పలకలు వచ్చాయి. "మేకపిల్ల మంచు మీద నిలబడ్డట్టుంటది" అనేవాడు ఆ కాళ్లను చూసి. ఈయన ఎప్పుడు మంచు చూశాడో నాకు తెలియదు. కానీ వాటి మీద ఆయనకు చులకన లేదు. ఆ సన్నటి కాలు విరగకుండా నిలపడానికి ఎంత పనితనం కావాలో చెప్పేవాడు. సత్తుపల్లి వైపు కోస్తా నుంచి వచ్చి మిరప, పొగాకు వేసి బాగుపడిన రైతులు ఆ రకమే చేయించుకున్నారు. వాళ్లు కింద కూర్చునే తినేవారు. కాబట్టి సైడ్‌బోర్డులో దేవుడి పటాలు పెట్టారు. "మంచిదే సార్, దేవునికి గూడ గాజు తలుపులు" అని నవ్వేవాడు. ఆపైన సన్‌మైకా అతికించినవి, ఆపైన టీవీకి గూడు, బొమ్మలకు అరలు ఉన్న షోకేసులు. అన్నీ చేశాడు. ఏదీ చేయనని అనలేదు.

రంపపు పొట్టును జిగురుతో అచ్చుపోసిన పలకలతో వచ్చే కొత్త రకాన్ని మాత్రం ముట్టుకోలేదు. దాన్ని ఆయన చెక్క అనలేదు.

బంగళా సైడ్‌బోర్డు ఓడలో రాలేదని నాకు చూపించింది ఆయనే. ఒకరోజు స్టూలెక్కి అద్దం పైన గుత్తుల మీద దుమ్ము ఊదుతూ పిలిచాడు.

"సార్, గిటు చూడుండ్రి. ద్రాక్షపండుకు తోకుంటదా?"

చూశాను. ప్రతి పండు చివరా సన్నటి తోక చెక్కి ఉంది.

"తెల్లోడు ఏదో బొమ్మ చూపెట్టి చెయ్యమన్నడు. చేసెటోడు మనోడే. ఆయన ఎన్నడన్న ద్రాక్షను చూసిండా? గుత్తిగ ఉన్నది, గుండ్రంగ ఉన్నది, ఇప్పపూలే అనుకున్నడు. తోకల్తోని సహా చెక్కిండు. తెల్లోడు గూడ గుర్తుపట్టలె." స్టూలు మీద నిలబడే చాలాసేపు నవ్వాడు. తరువాత ఆ గుత్తిని అరచేత్తో తుడిచాడు.

నేను రిటైరు కావడానికి మూడేళ్ల ముందు గోదావరి బంగళాలోకి వచ్చింది. నీళ్లు రెండు రోజులు నిలిచాయి. తీశాక చూస్తే సైడ్‌బోర్డు నిలబడే ఉంది గానీ, చెమ్మకు పై బల్ల పొడవునా పగిలింది. వడ్లాయనకు కబురు పెట్టాను. ఎండలో పెట్టిస్తానంటే మండిపడ్డాడు. "ఎండల పెడితే కోపమొచ్చి వంకర తిరుగుతది." వరండా నీడలో ఇటుకలు బరువు పెట్టి నెలన్నర ఆరబెట్టాడు. అప్పుడు పగులుకు అడ్డంగా మూడుచోట్ల తొలిచి, జిట్రేగి చెక్క ముక్కలు దిగగొట్టాడు. నడుము సన్నగా, రెండు చివరలా వెడల్పుగా, డమరుకం మాదిరి ఉండే ముక్కలు. పసుపుపచ్చని టేకు మీద నల్లటి జిట్రేగి. టేకు ముక్కే వేస్తే కనపడేది కాదు కదా అంటే తల అడ్డంగా ఊపాడు.

"అతుకు దాస్తే అబద్ధం సార్. ఈడ పగిలింది, ఈడ బాగు చేసిన్రు అని చూసినోనికి తెల్వాలె."

ఎవరింట్లో ఏది బాగుచేసినా ఆయన అంతే. వేరే రంగు చెక్కతోనే అతుకు వేసేవాడు. తెలిసినవాళ్లు ఆ నల్ల ముక్క చూసి ఆయన పని అని గుర్తుపట్టేవారు.

అప్పుడే కొత్తగా వచ్చిన మా ఆఫీసరుకు అది తెలియదు. నలుగురు అటెండర్లతో వచ్చి, బల్ల మీద వేలు పెట్టి అడిగాడు.

"ఇదేంది? గాయానికి పట్టీ ఏసినట్టు?"

"గాయమే గద సార్" అన్నాడు వడ్లాయన.

"నల్లరంగేసి మొత్తం ఒక్కతీరు చెయ్యి. వచ్చే వారం పెద్దసార్లు దిగుతున్నరు."

"రంగెయ్య సార్. రేపు ఎవరన్న దీన్ని మోసేటప్పుడు పగులు ఏడున్నదో తెల్వక ఆడనే పట్టుకుంటరు. మళ్ల ఇరుగుతది."

"నాకు నేర్పుతున్నవా?"

"లేదు సార్. మీకు నేర్పితే మీరు గీ పని చేసుకోవాల్సొస్తది."

ఆయన వెటకారంగా అనలేదు. నాకు తెలుసు, మామూలుగానే అన్నాడు. కానీ వెనకున్న అటెండర్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకు ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. సైడ్‌బోర్డు గతి, వడ్లాయన గతి ఆ క్షణంలోనే తేలిపోయాయి.

మరునాడు నన్ను పిలిచి కాగితం రాయమన్నాడు. రాశాను. నా డైరీలో ఆ వాక్యం నకలు ఉంది: "స్థానిక వడ్రంగి చేసిన నైపుణ్యం లేని మరమ్మతు వల్ల పూర్తిగా చెడిపోయి, ఉపయోగానికి పనికిరాకుండా పోయినది." వడ్రంగి అన్న మాట పక్కన ఆయన పేరు, ఊరు. ఆఫీసరు సంతకం పైన. "స్వయంగా పరిశీలించితిని" అని కింద నా సంతకం, నా ముద్ర. స్వయంగా పరిశీలించిన మాట నిజమే. ముందురోజు సాయంత్రమే మూడు సొరుగులూ ఒక్క వేలితో లాగి చూసి, శభాష్ అన్నాను. ఆ రాత్రి డైరీలో శభాష్ అన్న సంగతి రాసుకున్నాను. మరుసటి రాత్రి ఈ వాక్యం రాసుకున్నాను. రెండూ ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. పద్ధతి గల మనిషినని పేరు తెచ్చుకున్న వాడి పద్ధతి ఇది.

సైడ్‌బోర్డును వేలం వేశారు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన లారీలో ఎక్కించుకుపోయాడు. పనికిరానిదాని కోసం అంత దూరం నుంచి ఎవరైనా ఎందుకు వస్తారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ కాగితం మా ఆఫీసులో ఆగలేదు. హాస్టళ్ల మంచాలకూ బడి బల్లలకూ వడ్రంగులను పిలిచే ఆఫీసులన్నింటికీ నకళ్లు వెళ్లాయి. "సర్కారు సైడ్‌బోర్డు ఖరాబు చేసినోడు" అన్న మాట ఆయనకంటే ముందే ఊళ్లకు చేరింది. పెళ్లి మంచం చేయించుకోబోయిన వాళ్లు కూడా వెనక్కి తగ్గారు.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, బల్లకు అవతల నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పని ఇయ్యమని అడుగుత లేను సార్. గా ఒక్క లైను కొట్టెయ్యుండ్రి. నేను ఖరాబు చెయ్యలె. మీకెరుక."

"పైనుంచి ఆర్డరు రావాలె" అన్నాను.

"రాసింది మీరే గద సార్?"

"రాసింది నేనే. కొట్టెయ్యాలంటే పైనుంచి రావాలె."

నేను ఫైలు తిప్పాను. అందులో చూడాల్సింది ఏమీ లేదు.

తరువాత కూడా వచ్చాడు. డైరీల్లో వెతికితే ఏడుసార్లు దొరికింది. "వడ్లాయన వచ్చాడు. అదే సంగతి." ఏడు చోట్లా అవే మాటలు. మాట మార్చి రాసే ఓపిక కూడా నాకు లేకపోయిందన్నమాట.

సైడ్‌బోర్డు స్థానంలో కొత్తది వచ్చింది. ఆఫీసరు స్వయంగా బొమ్మల పుస్తకంలో చూసి తెప్పించినది. తెల్లగా, నున్నగా, గీత లేకుండా, పిడులు కూడా లేకుండా, నొక్కితే తెరుచుకునేది. అందరూ మెచ్చుకున్నారు. రెండేళ్లకు మళ్లీ గోదావరి వచ్చింది. ఈసారి నీళ్లు ఒక్క పూటే నిలిచాయి. తలుపు తీసి చూస్తే ఆ సైడ్‌బోర్డు ఉబ్బి, అంచులు విచ్చుకుని, కింది సగం ఉప్మాలా జారి నేల మీద పడి ఉంది. ఊడ్చే మనిషి పారతో ఎత్తి తట్టలో వేస్తోంది.

ఏడోసారి వడ్లాయన వచ్చింది ఆ రోజే. ఎవరో చెప్పి ఉంటారు. గుమ్మంలో నిలబడి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. లోపలికి వచ్చి, వంగి, ఆ ముద్దలోంచి చిటికెడు తీసుకుని వాసన చూశాడు.

"దీనికి వాసనే లేదు సార్" అన్నాడు. ఆయన గొంతులో జాలి ఉంది. చేయి కడుక్కుని వచ్చి, అదే అడిగాడు. "గా లైను సార్?"

అప్పటికి ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు. నన్ను అడ్డుకునేవాడు ఎవడూ లేడు. పైవాళ్లకు ఒక్క కాగితం రాసి, "నేను పొరపాటుగా ధ్రువీకరించితిని" అంటే సరిపోయేది. రిటైర్మెంటు దగ్గర పడింది, ఇప్పుడెందుకు కెలుక్కోవడం అనుకున్నాను. "చూద్దాం లే" అన్నాను. ఆయన తలగుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

దుకాణదారు మీద నాకు కోపం ఉంది. ఓడలో వచ్చిందట! ఆఫీసరు మీద కోపం ఉంది. నలుగురి ముందు ఒకడు నవ్వినందుకు ఒక మనిషి చేతిపనిని చంపాడు. మా మేనకోడలి మీద కూడా ఉంది. కానీ ఆ మూడు కోపాలూ కలిపినా నా సంతకం ముందు చిన్నవే. మా వాడి అతుకును చెడగొట్టిన పని అని నేను రాస్తే, దాన్నే ఇంగ్లండు పనితనం అని దీపాలు పెట్టి చూపిస్తున్నారు. చెడ్డపేరుకైతే ఆయన పేరు, ఊరు కావాల్సి వచ్చాయి. మంచిపేరుకు అక్కర్లేకపోయాయి.

హైదరాబాదు నుంచి దిగిన మరునాడే ఆయన ఊరి మీదుగా వెళ్లే పర్ణశాల బస్సెక్కాను. ఈ సంగతి ఆయనకు చెప్పాలి. "నీ అతుకు దాచలేదయ్యా, దాని మీద దీపాలు పెట్టారు" అనాలి. దారంతా ఆ మాటే కూడబలుక్కున్నాను.

ఆయన పనిచేసే పాక అలాగే ఉంది. చిత్రిక పట్టే బల్ల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆయన భార్య నేల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి లేచింది.

"ఆయన పోయి నాలుగు నెలలాయె సార్" అన్నది.

నేను ఆ బల్ల అంచు మీదే కూర్చున్నాను. చెప్పడానికి వచ్చింది ఆమెకే చెప్పాను. దుకాణం, దీపాలు, ఓడ, ద్రాక్షలు. ఇప్పపూల మాట దగ్గర ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కథ ఆమె కూడా చాలాసార్లు విని ఉంటుంది.

"మంచిగనే ఉన్నదా సార్?"

"మంచిగనే ఉన్నదమ్మా."

"సొరుగు?"

"ఒక్క వేలికే వచ్చింది."

తల ఊపింది. చేతులకంటిన చింతపండు గుజ్జు తుడుచుకుంది. ఆమె అడగబోయేదేమిటో నాకు తెలుసు. అయినా అడిగేదాకా ఆగాను.

"కాయితం తెచ్చిన్రా సార్?"

నేను తేలేదు. దుకాణం సంగతి తెచ్చాను గానీ, ఆయన అడిగినది తేలేదు. సంచిలో ఈ ఏటి డైరీ ఉంది. నలభై ఏళ్లలో నేను డైరీలోంచి పేజీ చింపింది లేదు. ఆ రోజు చింపాను. బంగళా సైడ్‌బోర్డుకు ఆయన చేసిన మరమ్మతు నిక్కచ్చిగా, నేర్పుగా జరిగిందనీ, అది చెడిపోలేదనీ, చెడిపోయిందని నేను రాసినది అబద్ధమనీ రాశాను. ఆయన పేరు, ఊరు రాశాను. కింద సంతకం పెట్టి, చదివి వినిపించాను.

ఆమె కాగితం తీసుకుంది. చదువు రాదు. అక్షరాల మీదుగా వేలు జరుపుతూ కిందిదాకా వెళ్లి, నా సంతకం దగ్గర ఆగింది. దాని పక్కన ఖాళీగా ఉన్నచోట వేలు పెట్టింది.

"ముద్ర లేదేంది సార్?"

"రిటైరైన గదమ్మా. ముద్ర ఆఫీసుల ఉంటది. నా దగ్గర లేదు."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. నా మొహంలోకి చూడకుండానే అన్నది.

"గప్పుడు రాసినదానికైతే ఉండె గద."